గీత మీద చేయి, రాజ్యాంగానికి మాట

2023 జనవరి 18న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో అరుణా మిల్లర్ భగవద్గీత మీద చేయి ఉంచి లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశారు. ఢిల్లీ, పుదుచ్చేరిలలో లెఫ్టినెంట్ గవర్నరును కేంద్రం నియమిస్తుంది. మేరీలాండ్‌లో ఆ పదవికి గవర్నరుతో జతగా పోటీ చేసి, ఓట్లతో గెలిచి రావాలి. అదే వేదిక మీద గవర్నరుగా ప్రమాణం చేసిన వెస్ మూర్ ఆ పదవికెక్కిన తొలి నల్లజాతీయుడు. ఆయన చేయి వేసిన బైబిళ్ళలో ఒకటి ఫ్రెడరిక్ డగ్లస్‌ది. డగ్లస్ మేరీలాండ్‌లోనే బానిసగా పుట్టి, 1838లో అక్కడి నుంచి తప్పించుకుపోయినవాడు. పుస్తకాలు వేరైనా ఇద్దరూ కట్టుబడింది ఒకే ప్రమాణ పాఠానికి: అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తామని, మేరీలాండ్‌కు విధేయులమై ఉంటామని, పక్షపాతం లేకుండా పదవి నిర్వహిస్తామని. ఆ పాఠంలో ఏ పుస్తకం పేరూ లేదు.

అరుణ 1964 నవంబరు 6న హైదరాబాదులో కాట్రగడ్డ వారింట పుట్టారు. ఏడేళ్ళ వయసులో అమెరికా చేరారు. తండ్రి ఐబీఎం ఇంజనీరు. మిస్సోరీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి 1989లో పట్టా పుచ్చుకున్నారు. ఆ తర్వాత వాషింగ్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న మాంట్‌గమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేశారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అక్కడి రవాణా శాఖ పనులు కూడా మన జిల్లాలో జనం రోజూ తిట్టుకునేవీ, అప్పుడప్పుడూ మెచ్చుకునేవీ అయిన రోడ్ల పనులే. 2000లో ఆమెకు పౌరసత్వం వచ్చింది. 2010లో మేరీలాండ్ ప్రతినిధుల సభకు ఎన్నికై రెండు విడతలు, 2019 దాకా సభ్యురాలిగా ఉన్నారు. ఆ రాష్ట్ర శాసనసభ ఏడాదికి 90 రోజులే కూర్చుంటుంది. అందువల్ల సభ్యుల్లో చాలామందికి వేరే కొలువో వృత్తో ఉంటుంది. ఆమె కూడా 2015 దాకా రెండు పనులూ చేశారు. 2018లో జాతీయ కాంగ్రెసు సీటు కోసం పార్టీ ప్రాథమిక ఎన్నికలో నిలబడి ఓడిపోయారు. 2022 నవంబరులో మూర్‌తో కలిసి గెలిచారు.

వలస వచ్చిన మనిషి రాష్ట్ర రాజకీయాల్లోనూ పరిపాలనలోనూ పైకి రావడం అమెరికాలో కొత్త సంగతి కాదు. కొత్తదనమంతా ఆ చేయి కింద ఉన్న పుస్తకంలో ఉంది. ఒక దేశానికి విధేయత చెబుతూ, సముద్రాల అవతల మరో నాగరికతలో పుట్టిన గ్రంథాన్ని దగ్గర పెట్టుకుంటే ఆ మాట బలపడుతుందా, సడలుతుందా? లోతుకు వెళితే దీని వెనక ఇంకో పాత ప్రశ్న కనిపిస్తుంది. ప్రమాణానికి బలం సాక్షి నుంచి వస్తుందా, మాట ఇచ్చిన మనిషి నుంచి వస్తుందా?

తెలుగునాట ప్రమాణానికి సాక్షే ప్రధానం. నెల్లూరు జిల్లా జలదంకి, ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లోనైనా, కృష్ణ ఒడ్డు పల్లెల్లోనైనా గట్టు తగాదాకో, చేబదులు తగాదాకో కాగితం దొరకనప్పుడు పెద్దమనుషులు చివరికి గుడి దగ్గరికి పదమనేవారు. అమ్మవారి ముందు హారతి కర్పూరం వెలిగిస్తారు. తాను తీసుకోలేదన్నవాడు ఆ మంటను అరచేత్తో ఆర్పాలి. అంతే, పంచాయితీ తెగిపోతుంది. అబద్ధమాడినవాణ్ణి అమ్మవారు చూసుకుంటుందని అందరూ ఇళ్ళకు పోతారు. చిత్తూరు జిల్లా కాణిపాకంలో వరసిద్ధి వినాయకుడికి ఈ విషయంలో రాష్ట్రమంతటా పేరుంది. కోనేట్లో మునిగి స్వామి ఎదుట సత్యప్రమాణం చేస్తే కోర్టు తీర్పు కన్నా గట్టిదన్న నమ్మకం అక్కడ ఇప్పటికీ ఉంది. రాజకీయ నాయకులు ఒకరినొకరు సవాలు చేసుకునేటప్పుడు కూడా కాణిపాకం పేరే ఎత్తుతారు. ఇక ‘ఒట్టు తీసి గట్టున పెట్టు’ అన్న మాట కూడా ఈ జనానిదే. ఒట్టు మీద నమ్మకమూ దాని మీద వెటకారమూ ఒకే నోట పలికాయి.

అయితే కర్పూర ప్రమాణం గడిచిపోయినదాని గురించి చేసేది: తీసుకున్నాడా, లేదా. నిజం ఎప్పుడో జరిగిపోయి ఉంది, దాన్ని చూసిన దేవుణ్ణి పిలుస్తున్నారు. పదవీ ప్రమాణం రాబోయేదాని గురించి చేసేది. నాలుగేళ్ళు పక్షపాతం లేకుండా ఉంటానన్న మాట పలికిన నిమిషాన నిజమూ కాదు, అబద్ధమూ కాదు. దాన్ని నిజం చేయడానికి ముందున్న కాలమంతా పడుతుంది. జరగనిదానికి చూసిన సాక్షి ఎక్కడుంటాడు? అలాంటప్పుడు దేవుణ్ణి సాక్షి అనడం కన్నా హామీదారు అనడం సరిగ్గా ఉంటుంది. బాకీదారు మాట తప్పితే హామీ ఉన్నవాణ్ణి పట్టుకున్నట్టు, పదవిలో ఉన్నవాడు తప్పితే వాడి దేవుడే వాణ్ణి పట్టుకుంటాడని లెక్క. ఐరోపా రాజకీయం శతాబ్దాల పాటు ఈ లెక్క మీదే నడిచింది.

ఆ లెక్కను నిర్మొహమాటంగా రాసిపెట్టినవాడు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్. మత సహనం మీద 1689లో అచ్చయిన లేఖలో ఆయన చాలా మతాలకు చోటిచ్చాడు కానీ రెండు రకాల వాళ్ళను బయట నిలబెట్టాడు. దేవుడు లేడనేవాళ్ళు ఒకరు. వాళ్ళకు మాట మీద, ఒప్పందం మీద, ఒట్టు మీద పట్టు ఉండదన్నది ఆయన భయం. మతం ద్వారా పరాయి ప్రభువుకు విధేయులయ్యేవాళ్ళు రెండో రకం. మేరీలాండ్ చరిత్రను ఈ రెండు భయాల చరిత్రగా చదవవచ్చు. అరుణా మిల్లర్ వేదిక ఎక్కేనాటికి చట్టంలో ఆ రెండూ ఓడిపోయి ఉన్నాయి. మనసుల్లోనూ ఓడిపోయాయా అంటే, అది చట్టం చెప్పగలిగే సంగతి కాదు.

మేరీలాండ్ 1634లో కాథలిక్ ప్రభువు బాల్టిమోర్ చలవతో మొదలైన వలస. అక్కడ 1649లో వచ్చిన సహన చట్టాన్ని గొప్పగా చెప్పుకుంటారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వాన్ని నమ్మే క్రైస్తవులకే ఆ సహనం, దాన్ని కాదన్నవాడికి మరణశిక్ష అని అదే చట్టంలో రాసి ఉంది. 1776 నాటి రాష్ట్ర రాజ్యాంగం పదవి చేపట్టేవారు క్రైస్తవ విశ్వాసాన్ని ప్రకటించాలంది. యూదులకు ఆ తలుపు మూసుకుపోయింది. బాల్టిమోర్ యూదులు 1797లోనే మొర పెట్టుకున్నా పని కాలేదు. చివరికి ఆ పోరాటాన్ని నెత్తిన వేసుకున్నది టామస్ కెన్నెడీ అనే శాసనసభ్యుడు. స్కాట్లాండ్‌లో పుట్టి వలస వచ్చినవాడు, క్రైస్తవుడు. తన జిల్లాలో యూదుల ఓట్లు ఆయనకు కలిసొచ్చేవేమీ కావు. ఈ బిల్లు వల్లే 1823 ఎన్నికల్లో ఓడి, మళ్ళీ గెలిచి వచ్చి పట్టు వదలకుండా నిలిచాడు. 1826లో చట్టం ఖాయమైంది. ఆ ఏడాదే సాలమన్ ఎట్టింగ్ అనే యూదు వర్తకుడు బాల్టిమోర్ నగర సభకు ఎన్నికయ్యాడు. అప్పుడు కూడా తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. యూదుడు పరలోకంలో పాపపుణ్యాల ఫలం ఉంటుందని నమ్ముతున్నట్టు ప్రకటించాలి. కర్మఫలం మీద నమ్మకం ఉన్న హిందువుకు ఆ ప్రకటన ఇబ్బంది కాకపోవచ్చు కానీ, ఆ చట్టం యూదుల కోసం రాసింది. ఆనాటి మేరీలాండ్ ఊహలో హిందువు లేడు.

దేవుడు లేడనేవాడి వంతు ఇంకో 135 ఏళ్ళకు గానీ రాలేదు. రాయ్ టోర్కాసో అనే ఆయనను మేరీలాండ్‌లో నోటరీగా నియమించారు. దేవుడున్నాడని ప్రకటించమంటే కాదన్నాడు, దాంతో నోటరీ పత్రం ఇవ్వలేదు. కాగితాల మీద ముద్ర వేసే చిన్న కొలువు కోసం మొదలైన ఆ తగాదా అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1961 జూన్ 19న న్యాయమూర్తులందరూ ఏకకంఠంతో ఆ నియమాన్ని కొట్టేశారు. విచిత్రమేమిటంటే ఆ నియమం మేరీలాండ్ హక్కుల ప్రకటన 37వ అధికరణంగా ఇప్పటికీ అచ్చులో ఉంది, చెల్లదు కానీ చెరిపేయలేదు. దానికి రెండు మెట్ల అవతల, 39వ అధికరణంలో ఇంకో పాత నియమం ఉంది. ప్రమాణం చేసే మనిషి ఏ మతస్థుడైతే ఆ మతంవారు దేన్ని అన్నిటికన్నా గట్టి ఒట్టుగా భావిస్తారో ఆ పద్ధతిలోనే ప్రమాణం చేయించాలని దాని సారం. గీత కోసం ఎవరూ రాయని ఈ నియమం గీతకు అచ్చంగా సరిపోయింది.

ఇక్కడొక చిక్కు ఉంది. గీత హిందువుల దృష్టిలో అన్నిటికన్నా గట్టి ఒట్టా? సినిమా కోర్టుల్లో అవును. బోనెక్కిన సాక్షి ముందుకు బంట్రోతు గీత పట్టుకురావడం తెలుగు ప్రేక్షకుడికి కంఠతా వచ్చిన దృశ్యం. అసలు కోర్టుల్లో ఆ ఆచారం లేదు. కుంపెనీ పాలన తొలినాళ్ళలో హిందూ సాక్షుల చేత గంగాజలం పట్టుకుని ప్రమాణం చేయించేవారు. 1840లో వచ్చిన చట్టం హిందువులకూ ముస్లింలకూ ఒట్టు బదులు నిష్ఠతో చెప్పే మాట చాలంది. ఇప్పుడు అమల్లో ఉన్న 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఏ గ్రంథమూ లేదు. పల్లె జనం ఒట్టు వేసింది దీపం మీద, తల మీద, తల్లి మీద, గంగ మీద. గ్రంథం మీద ఒట్టు పెట్టుకోవడం బైబిలు మతాల అలవాటు. 1785లో ఛార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషు అనువాదంతో గీత సముద్రం దాటింది. ఆ తర్వాత వచ్చిన జాతీయోద్యమం దాన్ని హిందువుల ఏకైక గ్రంథంలా నిలబెట్టింది. బైబిలు కోసం కట్టిన పీఠం మీద పెట్టడానికి హిందువుకు ఒక పుస్తకం కావలసి వచ్చింది, గీత అందులో కుదిరింది. ఇది తప్పు పట్టవలసిన విషయం కాదు, ఆచారాలన్నీ ఇలాగే పుడతాయి. అనాదిగా వస్తున్న పద్ధతి అనుకుంటే మాత్రం పొరపాటు. పాత శాస్త్రాన్నే అడిగితే, బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్నే పతనహేతువుల్లో చేర్చింది.

పుస్తకం లోపలికి వెళితే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఎవరి ధర్మం వారు లోపాలతోనైనా చేసుకోవడం మేలనీ, పరధర్మం భయంకరమనీ గీత మూడో అధ్యాయం చెబుతుంది. పూర్వ వ్యాఖ్యాతలు స్వధర్మాన్ని పుట్టుకతో వచ్చిన వర్ణానికి ముడివేశారు. ఆ అర్థంలో చూస్తే, పుట్టిన చోటు విడిచి, పుట్టుకతో సంబంధం లేని వృత్తి చేపట్టి, మరో దేశపు అధికారపీఠం ఎక్కే స్త్రీకి గీతలో చోటు వెతకడం కష్టం. ఈ కష్టాన్ని దాచి గీతను ఆధునిక గ్రంథమనడం నిజాయితీ కాదు. అదే అధ్యాయంలో మరో దారి కూడా ఉంది. లోకం చెదిరిపోకుండా నిలబెట్టడం కోసం, ఫలం మీద ఆశ లేకుండా పనిచేయాలనీ, జనకుడి వంటి రాజులు కర్మతోనే సిద్ధి పొందారనీ అక్కడే కృష్ణుడంటాడు. 1915లో అచ్చయిన గీతారహస్యంలో తిలక్ పట్టుకున్నది ఈ దారినే. అక్కడి నుంచి స్వధర్మం ‘చేతికొచ్చిన బాధ్యత’ అయింది. వలస మనిషి గీత మీద చేయి ఉంచగలిగేది ఈ కొత్త చదువు వల్లే.

సాక్షి సంగతిలో గీత ఇంకా విచిత్రంగా నడుస్తుంది. పద్దెనిమిది అధ్యాయాలు చెప్పాక కృష్ణుడు అర్జునుడి చేత ప్రమాణం చేయించుకోడు. అంతా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యమంటాడు. చెప్పినట్టు చేస్తానన్న అర్జునుడి మాట ఆ తర్వాత వస్తుంది, ఎవరూ అడగకుండా. ఒట్టు పెట్టించుకోని దేవుడి పుస్తకం మీద ఒట్టు పెడుతున్నారన్న మాట. భయపెట్టే హామీదారుగా చూస్తే గీత బలహీనమైన పుస్తకం. మనిషి తన నిర్ణయాన్ని తానే మోయాలని చెప్పే పుస్తకంగా చూస్తే, పదవీ ప్రమాణానికి ఇంతకన్నా తగినది దొరకదు.

గీత చుట్టూ ఉన్న భారతమైతే ఒట్ల మీద రాసిన పెద్ద విచారణే. నెల్లూరు సీమకు ఇందులో ప్రత్యేకమైన వాటా ఉంది. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికి మంత్రి. ప్రభువు గద్దె పోగొట్టుకున్నప్పుడు కాకతీయ గణపతిదేవుడి దగ్గరికి రాయబారం వెళ్ళినవాడు. అంటే రాజ్య వ్యవహారం తెలిసిన చేయి అది. ఆయన భీష్మపర్వంలో గీతను బాగా కుదించాడు. దాని చుట్టూ ఉన్న మనుషుల ఇరకాటాలను మాత్రం కుదించలేదు. తెలుగు పాఠకుడికి చాలాకాలం భారతం ద్వారా అందింది గీతోపదేశం కన్నా భీష్ముడి అవస్థ ఎక్కువ.

తండ్రి పెళ్ళి కోసం దాశరాజు ముందు భీష్ముడు రెండు మాటలిచ్చాడు: రాజ్యం వద్దు, పెళ్ళి వద్దు. ఆ మాటలే క్రమంగా హస్తినాపుర సింహాసనానికి జీవితాంతపు కట్టుబాటయ్యాయి. సింహాసనం మీద ఎవరు కూర్చుంటే వారికి ఆయన కాపు. సభలో ద్రౌపది ప్రశ్న అడిగినప్పుడు ధర్మం సూక్ష్మమంటూ తేల్చకుండా వదిలేశాడు. యుద్ధం మొదలయ్యేటప్పుడు దీవెన కోరి వచ్చిన ధర్మరాజుతో, కౌరవుల సొమ్ముకు కట్టుబడిపోయానని చెప్పుకున్నాడు. ఆయన మాట తప్పలేదు. తప్పకపోవడమే ఆయన విషాదం. పదవికి విధేయత, న్యాయానికి విధేయత వేర్వేరు దారులు పట్టినప్పుడు ప్రమాణం ఎటు నడిపిస్తుందన్న ప్రశ్న ఏ దేశపు ఉద్యోగికైనా రాగలదు. మేరీలాండ్ ప్రమాణం మనిషికి కాక రాజ్యాంగానికి చేసేది కావడం ఈ ప్రమాదానికి ఒక మందు. పూర్తి మందు కాదు. బానిసత్వాన్ని ఒప్పుకున్న రోజుల్లోనూ అది రాజ్యాంగమే, డగ్లస్ పారిపోయింది ఆ రాజ్యాంగం నీడ నుంచే.

భీష్ముడికి ఎదురుగా భారతం కృష్ణుణ్ణి నిలబెట్టింది. ఆయుధం పట్టనన్న కృష్ణుడు భీష్ముడి ధాటికి అర్జునుడు నిలవలేకపోవడం చూసి రథం దూకాడు. అన్న మాట తప్పినా కాపాడవలసినవాణ్ణి కాపాడటం ముఖ్యమనుకున్నాడు. కర్ణపర్వంలో ఇంకా స్పష్టంగా చెబుతాడు. గాండీవాన్ని నిందించినవాణ్ణి చంపుతానని అర్జునుడికి ఒక ఒట్టు ఉంది. ధర్మరాజు కోపంలో నిందించాడు. కత్తి దూసిన అర్జునుడికి కృష్ణుడు కౌశికుడి కథ చెప్పాడు. అబద్ధమాడనని వ్రతం పట్టిన ఆ బ్రాహ్మణుడు, దొంగలు అడిగితే పారిపోతున్నవాళ్ళ జాడ నిజంగానే చెప్పి, వాళ్ళ చావుకు కారణమై నరకానికి పోయాడు. మాట నిలబెట్టుకోవడం గొప్పే, కానీ ఆ మాట ఎవరిని బతికిస్తోందన్నది దాని కన్నా గొప్ప ప్రశ్న అని భారతం తేల్చింది. బైబిల్లోనూ దీనికి దగ్గరి మాట ఉంది. కొండ మీది ప్రసంగంలో యేసు ఒట్టే పెట్టుకోవద్దన్నాడు, అవునంటే అవును, కాదంటే కాదు. దాన్ని అక్షరాలా పాటించిన క్వేకర్లు అనే క్రైస్తవ వర్గం వల్లే ఇంగ్లీషు, అమెరికా చట్టాల్లో ప్రమాణం పక్కన ‘నిష్ఠతో చెప్పడం’ అన్న మార్గం కూడా చేరింది. భారత రాజ్యాంగం మూడో షెడ్యూలులో దేవుడి పేరు, నిష్ఠతో చెప్పడం రెండూ పక్కపక్కన ఉండటానికి మూలం అదే. ఆ రెండు దారులు తప్ప మూడోది చెల్లదు. 2001లో కేరళ శాసనసభకు ఎన్నికైన ఒక సభ్యుడు శ్రీనారాయణ గురు పేరిట ప్రమాణం చేస్తే అది చెల్లదని హైకోర్టు అన్నది, 2012లో సుప్రీంకోర్టు ఆ మాటనే ఖాయం చేసింది.

లాక్ రెండో భయం, పరాయి విధేయత, ఇప్పుడు వలస మనుషుల మీద వాలింది. ఒకప్పుడు అది కాథలిక్కుల మీద ఉండేది. పోపు మాట వింటారా, రాజ్యాంగం మాట వింటారా అని అడిగేవారు. ఇటలీ నుంచి వచ్చినవాళ్ళు ఆ అనుమానాన్ని మోస్తూనే మేరీలాండ్ రాజకీయాల్లోకి వచ్చారు. ఇటాలియన్ వలస కుటుంబంలో పుట్టిన టామస్ డి అలెసాండ్రో 1947 నుంచి 1959 దాకా బాల్టిమోర్ మేయరుగా ఉన్నారు. ఆయన కూతురే నాన్సీ పెలోసీ. రెండు తరాల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేకుండా పోయారు. భారతదేశంలో ఇటలీ పేరు మీదే ఈ ప్రశ్న 1999లో లేచింది. ఇటలీలో పుట్టి 1983లో భారత పౌరసత్వం తీసుకున్న సోనియా గాంధీ ప్రధాని పదవికి తగరన్న ముగ్గురు నేతలను కాంగ్రెసు బహిష్కరించింది. అదే ఏడాది తెలుగు మాట గట్టిగా వినిపించే బళ్ళారి ఆమెను లోక్‌సభకు ఎన్నుకుంది. నిజానికి ఇక్కడి రాజ్యాంగం పుట్టుకను అడ్డుగా పెట్టలేదు. పుట్టుపౌరసత్వం కావాలన్నది అమెరికా అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. అదే అమెరికాలో రాష్ట్ర పదవులకు అలాంటి అడ్డు లేదు.

స్థానికేతరుడన్న ముద్ర వేయడానికి సముద్రాలు దాటవలసిన పని కూడా లేదు. నెల్లూరు జిల్లా ఉదయగిరి నియోజకవర్గం 1978లోనూ 1983లోనూ ఎం. వెంకయ్యనాయుడిని శాసనసభకు పంపింది. తర్వాతి కాలంలో ఆయన రాజ్యసభకు వెళ్ళింది కర్ణాటక నుంచి మూడుసార్లు, రాజస్థాన్ నుంచి ఒకసారి. ఏ రాష్ట్రం నుంచి ఎన్నికవుతారో ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న షరతును పార్లమెంటు 2003లో తీసేసింది, ఆ మార్పును 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. రాజ్యసభ అధ్యక్షుడిగా 2020 జూలైలో కొత్త సభ్యుల చేత ప్రమాణం చేయిస్తూ, చివర నినాదం చేసిన సభ్యుడితో, ప్రమాణం ఒక్కటే రికార్డుకెక్కుతుందని ఆయన గుర్తుచేశారు. దాని మీద కొంత రభస జరిగింది. సూత్రం వరకు మాత్రం ఆయన మాట సరైనదే. ఎవరి దేవుడు, ఎవరి వీరుడు మనసులో ఉన్నా రాజ్యం రాసుకునేది ఆ ఒక్క వాక్యాన్నే. గీత, బైబిలు, ఖురాన్ కూడా ఈ అర్థంలో రికార్డు బయటివి. అవి ఏం చేసినా మాట ఇచ్చిన మనిషి లోపలే చేయాలి.

అమెరికా పౌరసత్వం పుచ్చుకునేటప్పుడు చేసే ప్రమాణం ఇంతకన్నా కఠినమైనది. పాత ప్రభువుకూ పాత రాజ్యానికీ ఉన్న విధేయతను పూర్తిగా వదులుకుంటున్నానని చెప్పాలి. భారత పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షను కూడా అటు నుంచి తలుపు వేసేస్తుంది. మరో దేశ పౌరసత్వం కోరి తీసుకున్నవారు భారత పౌరులు కారు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో రాకపోకలు సులువవుతాయి కానీ ఓటూ పదవీ రావు. అలా రెండు వైపులా చట్టం విధేయతను ఒక్కటిగా కత్తిరించి పెట్టింది. భాష, తిండి, పండుగ, పుస్తకం మాత్రం ఆ కత్తిరింపులో లేవు. విధేయతను వదులుకోమన్నారు, జ్ఞాపకాన్ని వదులుకోమనలేదు. గీత మీద చేయి ఉంచడం పరాయి విధేయతకు గుర్తు అనేవారు ఈ తేడాను చూడటం లేదు. గీతకు సైన్యం లేదు, పన్నులు లేవు, రాయబారులు లేరు. భారత ప్రభుత్వానికి అది అధికార గ్రంథం కూడా కాదు.

పరాయి విధేయత అనుమానానికి వాదనతో కన్నా పనితో జవాబు చెప్పడం తేలిక. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరుకు తనవంటూ అధికారాలు దాదాపు లేవు. ఆ పదవి 1864లో పుట్టి, 1867లో రద్దయి, 1970లో మళ్ళీ వచ్చింది. గవర్నరు అప్పగించిన పనే ఆ పదవి పని. 2023 మార్చి 22న బాల్టిమోర్ చుట్టూ తిరిగే రహదారి మీద మరమ్మతు చేస్తున్న ఆరుగురు పనివాళ్ళ మీదికి కారు దూసుకొచ్చి అందరూ చనిపోయారు. రోడ్డు పనుల చోట భద్రత మీద వేసిన బృందానికి అరుణా మిల్లర్ నాయకత్వం వహించారు. దాని సిఫారసుల నుంచి 2024లో చట్టం వచ్చింది. పనులు జరిగే చోట వేగంగా పోయేవారికి జరిమానాలు పెరిగాయి, కెమెరాల నిఘా పెరిగింది. పాతికేళ్ళ రోడ్డు ఇంజనీరుకు తెలిసిన పని ఇది. చట్టం మాటల్లో గీత లేదు. లోకం చెదరకుండా నిలబెట్టడమన్న దానికి రోడ్డు మీద కనిపించే రూపం మాత్రం ఉంది. ఏడాది తిరిగేసరికి, 2024 మార్చి 26 తెల్లవారుజామున ఓడ గుద్ది బాల్టిమోర్ కీ వంతెన కూలినప్పుడు వంతెన మీద గుంటలు పూడుస్తున్న ఆరుగురు చనిపోయారు. ఆరుగురూ లాటిన్ అమెరికా నుంచి వలస వచ్చినవారే. ఆ రాత్రి వంతెన మీద రాష్ట్రం పని చేస్తున్న వాళ్ళెవరూ ఏ గ్రంథం మీదా ప్రమాణం చేసి రాలేదు.

2025 నవంబరులో పక్కనున్న వర్జీనియాలో లెఫ్టినెంట్ గవర్నరుగా గజాలా హష్మీ గెలిచారు. ఆమె కూడా 1964లో హైదరాబాదులోనే పుట్టి, చిన్నతనంలో అమెరికా చేరి, దాదాపు ముప్ఫై ఏళ్ళు కళాశాలల్లో పాఠాలు చెప్పి రాజకీయాల్లోకి వచ్చినవారు. మతం వేరు. ఒకే నగరంలో ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు స్త్రీలు పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే హోదా పదవికెక్కారు. వర్జీనియా రాజ్యాంగమూ మేరీలాండ్ రాజ్యాంగమూ వాళ్ళ నుంచి కోరేది దాదాపు ఒకటే.

భీష్ముడి ఒట్టుకు గడువు లేదు. బతికినంత కాలమూ అది ఆయనను పట్టుకునే ఉంది. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరు ప్రమాణానికి నాలుగేళ్ళే గడువు. 2023లో చేసిన ప్రమాణం 2027 జనవరితో తీరిపోతుంది. ఆ పదవికి ఎన్నికైనవారు, పాతవారే అయినా సరే, మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం పలకవలసిందే. చేయి ఏ పుస్తకం మీద ఉంచాలో, అసలు ఉంచాలో వద్దో అప్పుడు వారే తేల్చుకుంటారు.